లిఫ్టులో ఉన్నతస్థాయి చర్చలు

ఇకమీదట పరిశ్రమల శాఖలో పొరపాట్లు జరగవని మా బావగారు ప్రకటించారు. ఆ శాఖకు మంత్రి ఆయనే కాబట్టి ఆ మాట ఆయనే చెప్పాలి. విలేకరుల్లో ఒకాయన లేచి, "ఒకవేళ జరిగితేనో?" అని అడిగాడు.

"జరగవని చెప్పాక జరిగింది పొరపాటు ఎలా అవుతుందయ్యా?" అన్నారు బావగారు.

విలేకరి అది రాసుకుని కూర్చున్నాడు. నేను చప్పట్లు కొట్టాను. శాఖకు నేను గౌరవ సలహాదారుని. ఇంతవరకు నన్నెవరూ సలహా అడగలేదు, నేనూ ఇవ్వలేదు. అందుకే ఆ గౌరవం చెక్కు చెదరలేదు. భవనంలో గదులన్నీ నిండిపోవడం వల్ల నాకు మేడ మీద ఒక గది ఇచ్చారు. అందులో ఓ పక్క పెద్ద ఇనప చక్రం, దాని మీదుగా లావుపాటి తీగలు ఉన్నాయి. అప్పుడప్పుడూ అది దానంతట అదే తిరిగి ఆగుతుంది. ఎందుకో నేను అడగలేదు. గాలి మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది, మధ్యాహ్నం నిద్ర ఇంట్లో కూడా అంత హాయిగా పట్టదు.

ఆ ప్రకటన ఊరికే చేసింది కాదు. అంతకుముందు బూట్ల కంపెనీ వాళ్ళు వచ్చారు. బావగారు ఎంతో ఆప్యాయంగా తన కాలు పైకెత్తి, "మీ బూట్లు తప్ప నేను ఇంకోటి వేసుకోను, ఇంత గట్టి సరుకు ఎక్కడా లేదు" అన్నారు. అవి వాళ్ళ పోటీ కంపెనీ బూట్లు. వాళ్ళు కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయారు.

ఈ సంగతి పెద్దాయన చెవిన పడింది. ప్రభుత్వం మొత్తం పెద్దాయన చేతిలో ఉంటుంది. ఆయనకు చూపు కాస్త తక్కువ, కానీ నలుగురిలో కళ్ళద్దాలు పెట్టుకోరు. బావగారిని పిలిపించి, ఎదురుగా ఉన్నది ఇంకెవరో అనుకుని ముందుగా, "ఆసుపత్రులు ఎలా నడుస్తున్నాయయ్యా?" అని అడిగారు. ఆసుపత్రులు వేరే మంత్రివి. పెద్దాయన పొరబడ్డారని ఎవరనగలరు? "బాగున్నాయండీ" అన్నారు బావగారు. పక్కన ఉన్నవాళ్ళు చెవిలో ఏదో చెప్పాక పెద్దాయన గొంతు మార్చి, "ఇంకొక్క కంపెనీ చెయ్యి జారిందంటే నీ కుర్చీ ఇంకొకడికి ఇస్తాను" అన్నారు.

శాఖ కార్యదర్శిని అందరూ సర్దుబాటు గారు అంటారు. ఎలాంటి చిక్కునైనా సర్దేస్తారని ఆ పేరు. ప్రకటన అయ్యాక ఆయన బావగారి దగ్గరికి వచ్చి, "పొరపాటు అనే మాట ఇక వాడకూడదు కదా సార్, మరి అలాంటిదేదైనా జరిగితే ఫైల్లో ఏమని రాయమంటారు?" అని అడిగారు.

"నువ్వే చెప్పు."

"మొదటి దశ అని రాద్దాం సార్. సర్దుకోవడం రెండో దశ."

బావగారు ఆయన భుజం తట్టారు. ఇలాంటి అధికారులు ఉండబట్టే ప్రభుత్వాలు నిలబడుతున్నాయి.

ఆ తరవాత వచ్చింది ఫ్రిజ్‌ల కంపెనీ. ఊరి బయట పెద్ద ఫ్యాక్టరీ పెడతామన్నారు. ఒప్పందం మీద సంతకం పెట్టడానికి చైర్మన్ స్వయంగా వస్తున్నట్టు కబురొచ్చింది. ఆ ఉదయం మా అక్కయ్య నాకు ఫోన్ చేసింది.

"తమ్ముడూ, ఇవాళ మీ బావ పక్కనుంచి కదలకు. ఆ కుర్చీ పోయిందంటే ఆయన పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారు. నా వల్ల కాదురా."

"నేనున్నాను కదక్కా" అన్నాను. ఆ కుర్చీతోపాటు నా గది కూడా పోతుంది.

సభ అయిదో అంతస్తు హాల్లో. విలేకరులు, ఫొటోలవాళ్ళు నిండిపోయారు. బావగారు గుమ్మంలో పూలగుచ్ఛంతో నిలబడ్డారు. చైర్మన్ అంటే కోటు వేసుకుని, చేతిలో పెట్టె పట్టుకుని, హడావిడిగా వస్తాడని ఆయన అనుభవం. సరిగ్గా అలాంటి మనిషే వచ్చాడు.

ఆయన లిఫ్టు మెకానిక్. ఈ సంగతి మాకు తరవాత తెలిసింది, మీకు ముందే చెప్పేస్తున్నాను. మరదలి పెళ్ళిలో ఉండగా మా భవనంలో లిఫ్టు ఆగిపోయిందని ఫోన్ వస్తే, కోటు విప్పే తీరిక లేక పనిముట్ల పెట్టె పట్టుకుని అలాగే పరిగెత్తుకొచ్చాడట. మెట్లెక్కి వచ్చాడు కాబట్టి రొప్పుతున్నాడు.

"సార్, మెషీన్ గది తాళం ఎవరి దగ్గరుందండీ?" అన్నాడు.

బావగారు ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకున్నారు. "చూశారా, ఇంకా లోపలికి అడుగు పెట్టలేదు, అప్పుడే మెషీన్ల గురించి అడుగుతున్నారు. పనిమంతుడంటే ఇలా ఉండాలి."

"అది కాదు సార్, కింద లిఫ్టులో..."

"మీ ప్రసంగం నా ప్రసంగం తరవాత వేశాం. ముందు కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. మంత్రి కూర్చోమంటే మీరైనా నేనైనా కూర్చుంటాం. ఒప్పంద పత్రం ముందు పెడితే సంతకం కూడా పెట్టేశాడు. ఏ భవనానికి వెళ్ళినా వచ్చి చూసినట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టడం వాళ్ళ పనిలో మామూలేనట. పని మొదలెట్టకముందే సంతకం అడిగారేమిటా అని ఒక్క క్షణం అనుమానం వచ్చినా, ప్రభుత్వ కార్యాలయం కదా, ఇక్కడ ఇంతే కాబోలు అనుకున్నాడట. కెమెరాలు మెరిశాయి. ఫొటోలు అప్పటికప్పుడే పత్రికలకు వెళ్ళిపోయాయి.

బావగారు ప్రసంగం అందుకున్నారు. ఆయన ప్రసంగం వినపడని చోటు ఆ భవనంలో ఉండకూడదని మెట్ల మీద, వరండాల్లో, ఆఖరికి లిఫ్టుల్లో కూడా స్పీకర్లు పెట్టించారు. పరిశ్రమలకు తలుపులు బార్లా తెరిచి ఉంచామని ఆయన చెబుతుండగా వాచ్‌మన్ నా దగ్గరికి వచ్చాడు.

"సార్, లిఫ్టులో ఎవరో కొడుతున్నారండీ."

"ఎవరిని?"

"తలుపుని సార్. లోపల ఇరుక్కుపోయారు. ఒకావిడ, ఇద్దరు మగవాళ్ళు. ఆవిడ ఫ్రిజ్‌ల కంపెనీ చైర్మన్నంటున్నారు. ఇందాకటిదాకా మర్యాదగానే అడిగారు. ఇప్పుడు మర్యాద తగ్గింది."

నేను సర్దుబాటు గారి చెవిలో వేశాను, ఆయన బావగారి చెవిలో వేశారు. బావగారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టారు.

"మరి నా పక్కన ఉన్నది ఎవరు?" అన్నారు లోగొంతుకతో.

"లిఫ్టు మెకానిక్ అట సార్. వాచ్‌మన్ గుర్తుపట్టాడు."

"ఏ లిఫ్టుకి?"

"ఆవిడ ఉన్న లిఫ్టుకే సార్."

ఇంకొకరైతే అక్కడే కూలబడేవారు. బావగారు అతిథులను కాఫీ తాగమని చెప్పి, చిరునవ్వు చెరగకుండా పక్క గదిలోకి నడిచారు. ఇంకో మెకానిక్‌ను పంపమని లిఫ్టుల కంపెనీకి ఫోన్ చేశాం.

"మా మనిషి మీ దగ్గరే ఉన్నాడు కదండీ. టీవీలో చూస్తున్నాం. మాకు చాలా గర్వంగా ఉంది" అన్నారు వాళ్ళు.

లిఫ్టులో అత్యవసరానికి ఒక ఫోన్ ఉంటుంది. సర్దుబాటు గారు దానికి కలిపి బావగారి చేతికిచ్చారు.

"నమస్కారమమ్మా. నేను పరిశ్రమల మంత్రిని. విలేకరుల గోల లేకుండా మీతో ఉన్నతస్థాయి చర్చలకు ప్రత్యేకంగా ఏర్పాటు చేశాం."

"ఎక్కడ?"

"మీరున్న చోటేనమ్మా. సౌకర్యంగా ఉందా?"

"తలుపు తీయించండి."

"తలుపు తీయడం రెండో దశలో ఉందమ్మా."

ఆవిడ ఫోన్ పెట్టేశారు. చర్చలు సుహృద్భావ వాతావరణంలో ముగిశాయని సర్దుబాటు గారు రాసుకున్నారు.

ఆ తరవాత బావగారు చేసినది చూసి తీరవలసిందే. తిన్నగా హాల్లోకి వెళ్ళి మైకు అందుకున్నారు. "మన అతిథి అద్దాల గదిలో కూర్చుని సంతకాలు పెట్టే రకం కాదు. చేతులకు గ్రీజు అంటుతుందని వెనకాడని పారిశ్రామికవేత్త. తన పనితనం ఏమిటో ఇప్పుడే, ఈ భవనం లిఫ్టు మీదే చూపిస్తారు" అన్నారు. హాలు చప్పట్లతో మారుమోగింది. మెకానిక్ ముఖంలో మొదటిసారి వెలుగొచ్చింది.

"తాళం?" అన్నాడు.

తాళం ఎవరి దగ్గరా లేదు. అసలు మెషీన్ గది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"మేడ మీదే ఉంటుందండీ. పెద్ద చక్రం ఉన్న గది" అన్నాడు మెకానిక్.

నేను జేబులోంచి సలహాదారు కార్యాలయం తాళం తీసి ఇచ్చాను. మెకానిక్ పైకి వెళ్ళి, కాసేపట్లోనే తడి తువ్వాలు ఒకటి పట్టుకుని వచ్చాడు. చక్రానికి చుట్టుకుపోయిందని, లిఫ్టు ఆగింది అందుకేనని చెప్పాడు. దాన్ని అక్కడ ఆరేసింది నేనే. నా తువ్వాలు నాకు ఇచ్చేశాడు కాబట్టి నేను ఆ విషయం పెంచలేదు, సర్దుబాటు గారూ రాసుకోలేదు.

లిఫ్టు తలుపు విలేకరుల ముందే తెరుచుకుంది. చైర్మన్ గారు, ఆవిడ లాయరు, లెక్కల ఆయన చెమటలు కక్కుతూ బయటికి వచ్చారు. సర్దుబాటు గారు ఒక్క అంగలో ముందుకొచ్చి, "లిఫ్టు భద్రతను పరీక్షించడానికి స్వచ్ఛందంగా లోపల కూర్చున్న నిపుణుల బృందం" అని పరిచయం చేశారు.

"లోపల ఎలా ఉందమ్మా?" అని ఒక విలేకరి అడిగాడు.

"ప్రసంగం అక్షరం పొల్లుపోకుండా వినపడింది. గాలి మాత్రం రాలేదు" అన్నారు ఆవిడ. మెట్లు దిగి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఆవిడ దిగిన హోటల్‌కు వెళ్ళాం. బావగారు, సర్దుబాటు గారు, పూలగుచ్ఛం పట్టుకుని నేను. క్షమాపణ అనే మాట రాకుండా, విచారం అనే మాట కూడా రాకుండా ఏం మాట్లాడాలో కారులో సర్దుబాటు గారు తర్ఫీదు ఇచ్చారు. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. ఆవిడ ముఖంలో కోపం లేకపోవడం చూసి నాకు ఇంకా భయమేసింది.

"అమ్మా, ఉదయం మన చర్చలు ఆశించిన దానికంటే ముందే ఒక స్థాయికి చేరుకున్నాయి" అని మొదలుపెట్టారు బావగారు.

"మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య" అన్నారు ఆవిడ.

ఆవిడ బ్యాగులోంచి ఒప్పందం తీశారు, కలం మూత తీశారు. "చూడండి, నేను మనసులో పెట్టుకునే మనిషిని కాను. మేం చేసిన ఫ్రిజ్‌లూ పాడవుతాయి. పాడైతే ఇంటికి వెళ్ళి, మా పొరపాటే అని చెప్పి బాగుచేసి వస్తాం. అలా చెప్పబట్టే ఇన్నాళ్ళూ వ్యాపారం చేస్తున్నాం. మీరూ ఆ ఒక్క మాట అనండి. పొరపాటైంది అని. ఇక్కడే సంతకం పెట్టేస్తాను."

బావగారు ఆ కలం వంక చూశారు. కుర్చీ ఆ కలం మొనలోనే ఉంది. ఆయన పెదవులు కదిలాయి. చెబుతారనే అనుకున్నాను, చెప్పమని లోపల్లోపల వెయ్యి దండాలు పెట్టుకున్నాను. అప్పుడు సర్దుబాటు గారు చిన్నగా దగ్గి, "సార్, ప్రకటన" అన్నారు.

"అమ్మా," అన్నారు బావగారు, "మొదటి దశ కొంచెం ముందుగా వచ్చేసింది."

ఆవిడ కలం మూత పెట్టేశారు. "ఆ లిఫ్టు బాగుచేసినాయన్ను అడిగానని చెప్పండి" అని లేచారు. మర్నాడు పొరుగు రాష్ట్రం వాళ్ళతో ఒప్పందం చేసుకున్నారని తెలిసింది.

హోటల్ మెట్లు దిగుతూ బావగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "నోటిదాకా వచ్చిందిరా" అన్నారు.

"నేను చూశాను బావగారూ" అన్నాను. ఆయన మీద అంత జాలి నాకు ఎప్పుడూ కలగలేదు.

కుర్చీ పోయినట్టేనని అక్కయ్యకు ఎలా చెప్పాలా అని నేను మథనపడుతుంటే, పొద్దున్నే పెద్దాయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పత్రికల్లో మొదటి పేజీ నిండా ఫొటో వచ్చింది కదా, బావగారు, మెకానిక్ చేతులు కలిపి నవ్వుతున్నది. ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ వచ్చేసిందని పెద్దాయన ముచ్చటపడిపోయారు. తానే స్వయంగా వచ్చి, పరిశ్రమల శాఖ ఎవరి చేతిలో ఉంటుందో ఆ హాల్లోనే నిండు సభలో చెబుతానన్నారు.

మెకానిక్‌ను మళ్ళీ పిలిపించాం. "నాకు ఫ్యాక్టరీ ఏంటి సార్? సెలవు పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినవాణ్ణి" అన్నాడు పాపం.

"సంతకం పెట్టారు కదండీ. ఇప్పుడు కాదంటే అది పొరపాటు అవుతుంది. మా శాఖలో పొరపాట్లు జరగవు" అన్నారు సర్దుబాటు గారు.

"ఇంట్లో ఒకసారి అడిగి చెబుతానండీ."

"అడగండి. కోటు మాత్రం అదే వేసుకుని రండి."

ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. మెట్లకు తివాచీ పరిచారు. లిఫ్టుకు రంగులు వేశారు. జరిగింది మళ్ళీ జరగకుండా మెషీన్ గదికి ఒక్క తాళమే ఉండాలని, అది బాధ్యత గల వ్యక్తి దగ్గరే ఉండాలని ఉత్తర్వు వచ్చింది. వాచ్‌మన్‌కు కొత్త టోపీ కొన్నారు. వెనకవైపు ఇన్నాళ్ళూ మూసి ఉంచిన రెండో లిఫ్టును తెరిపించి, పెద్దాయన కోసం ప్రత్యేకంగా ఆపి ఉంచారు.

ఆ రోజు బావగారు, నేను ముందు గేటు దగ్గర పూలగుచ్ఛంతో నిలబడ్డాం. పెద్దాయన వెనక గేటు నుంచి వచ్చి, ప్రత్యేక లిఫ్టులో పైకి వెళ్ళిపోయారు. వాచ్‌మన్ వచ్చి చెప్పగానే మేమిద్దరం మామూలు లిఫ్టులోకి పరుగెత్తాం. అది రెండు అంతస్తులు చక్కగా ఎక్కింది. ఆ తరవాత ఒకసారి మూలిగి ఆగిపోయింది.

బావగారు మీటలన్నీ నొక్కారు. నేనూ నొక్కాను. అప్పుడు తల మీద స్పీకర్లోంచి పెద్దాయన గొంతు వినపడింది.

"ఏడయ్యా మన మంత్రి?"

కుర్చీలు జరిగిన చప్పుడు.

"ఆఁ, నువ్వేనా. ఫొటోలో చూశాను. ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు."

"అయ్యా, నేను కాదండీ, నేను లిఫ్టు..."

"నీ ప్రసంగం నా తరవాత. కూర్చో."

బావగారు నా వంక చూశారు. "ఒరేయ్, ఆయన పట్టుకున్నది ఎవరి చెయ్యి?"

నేను ఇంకోసారి మీట నొక్కాను.

"పరవాలేదు, సర్దుబాటు అక్కడే ఉన్నాడు. చెబుతాడు" అన్నారు బావగారు.

స్పీకర్లో సర్దుబాటు గారి దగ్గు వినపడింది. అంతకు మించి ఆయన ఏమీ చెప్పలేదు. పెద్దాయన పొరబడ్డారని ఎవరనగలరు?

"ఇలాంటి మంత్రి నా ప్రభుత్వంలో ఉన్నాడంటే నాకే ఆశ్చర్యంగా ఉంది" అంటున్నారు పెద్దాయన. "ఈ శాఖ ఇతని చేతిలోనే ఉంటుంది. ఎవరేమన్నా మార్చేది లేదు. ఏదీ, ఇక్కడో సంతకం పెట్టు."

చప్పట్లు. చాలాసేపు చప్పట్లు. తరవాత కాగితం చూసి ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదువుతున్న మెకానిక్ గొంతు వచ్చింది. "ఇకమీదట పరిశ్రమల శాఖలో పొరపాట్లు జరగవు."

బావగారు తలుపు మీద రెండు చేతులతో కొట్టారు. ఆయన అలా కొట్టడం నేను ఎన్నడూ చూడలేదు. చాలాసేపటికి లిఫ్టులో ఫోన్ మోగింది. సర్దుబాటు గారు.

"నమస్కారం సార్. మీ కోసం లోపల ఉన్నతస్థాయి చర్చలకు ఏర్పాటు చేశాం. సౌకర్యంగా ఉందా?"

"తలుపు తీయించు."

"మంత్రిగారు మాట్లాడతారట, లైన్లో ఉండండి."

అవతల మెకానిక్ అందుకున్నాడు. పాపం, ఆ గొంతులో గర్వం ఏ కోశానా లేదు. "సార్, కంగారు పడకండి. నేను కోటు విప్పి వచ్చేస్తున్నాను. మెషీన్ గది తాళం ఎవరి దగ్గరుందండీ?"

బావగారు ఫోన్ చెవికి ఆనించుకునే నా వంక తిరిగారు. ఉత్తర్వులో చెప్పిన బాధ్యత గల వ్యక్తిని నేనే. జేబు తడుముకున్నాను, తాళం భద్రంగా ఉంది. దాంతోపాటు పొద్దున తువ్వాలు ఎక్కడ ఆరేశానో కూడా గుర్తొచ్చింది.

"పొర..." అన్నాను.

బావగారు అలవాటు కొద్దీ చెయ్యెత్తి వారించారు.

"మొదటి దశ, బావగారూ" అన్నాను.